మూడొద్దులు ఇప్పని పెట్టె

"పెద్దబాపూ, మ్యూజియం డ్యూటీకెళ్ళి నిన్నెందుకు తీసేసిండ్రు?"

ఎవలు జెప్పిండ్రు రా నీకు? మీ మామనా? ఆ షహానియా ఎడారిల ఒంటెలు కాసుకుంట ఆయనకు నా ముచ్చట్లే కావాలె. సరే, కూసో, తినుకుంట ఇను. తప్పుజేసి పోలే నేను, గది ముందుగాల ఎర్కుండాలె నీకు.

నిరుడు జర్మనీకెళ్ళి ఒక పెట్టె వచ్చింది. ఎంత పెద్దదంటే మన రూమంత... కాదు, జెరంత తక్కువ. అండ్ల ఒక పల్లెటూరి చర్చిది, బలిపీఠం ఎన్కాల నిలబెట్టే చెక్కుడు పని. నడుమ మరియ తల్లి, సుట్టూ శిష్యులు, అటిటు తలుపుల లెక్క రెక్కలు, అంత కట్టెనే. ఐదొందల ఏండ్ల కిందిదట. ఇక్కడ జనానికి సూపెడ్తమని అడిగి తెచ్చిండ్రు. దానెంబడి ఆ చర్చి తాళాలు సూసుకునే ముసలాయన గూడ వచ్చిండు. పెట్టెలు ఇప్పేది, మళ్ళ కట్టేది మా కంపెనీ పని. నేను వడ్లోన్ని గద.

మూడొద్దులు ఇప్పొద్దని పెట్టె మీదనే కాయిదం అంటిచ్చి ఉన్నది. మా మేనేజరేమో, "యల్లా, జల్ది, పెద్దసారు వస్తుండు, ఇయ్యాల్నే ఇప్పు" అన్నడు. ముసలాయన ఆయన భాషల మొత్తుకుంటుండు, ఎవలకూ సమజ్ కాలే. నాకైంది. సలిదేశం కట్టె రా అది! ఈ పొడిగాలి ఒక్కపారే తాకితే పగుల్తది. మా నాయిన దూలం తెస్తే నీడకు వారం పెట్టనిది ఉలి ముట్టకపోతుండె... వారమా, పదిరోజులా, గట్లనే.

"ఇప్ప సార్" అన్న హిందీల.

"కార్పెంటర్‌వి, నీకేం తెలుసు?"

"కార్పెంటర్‌ను గాబట్టే తెలుసు."

డ్రిల్లు కిందవెట్టి పెట్టెకు అడ్డం నిలవడ్డ. "రేపే టికెట్ కొట్టి ఇంటికి తోలుత" అన్నడు. "తోలు. పెట్టె మాత్రం ఇప్పనియ్య" అన్న. మీ పెద్దమ్మకు ఆపరేషనై నెలగాలే అప్పటికి. అయినా పెట్టె కాడికెళ్ళి జరగలే.

ఆఖరికి మ్యూజియం మేడం వచ్చింది. కాయిదం సదివి, "ఈయన చెప్పిందే కరెక్ట్, ఎవలూ ముట్టొద్దు" అన్నది. తెల్లారి మేనేజర్ నన్ను అల్ ఖోర్‌ల బిల్డింగు కట్టే సైటుకు తోలిండు, సిమెంటు పోసే షట్టరింగ్ చెక్కలు కొట్టనీకి. గదీ సంగతి.

పెట్టె ఇప్పిననాడు ముసలాయన పట్టువట్టి నన్ను పిలిపిచ్చిండు. సిమెంటు బట్టలతోనే వోయిన. ఒక్క పగులు లేదు! నా చెయ్యివట్టుకోని ఎన్కకు తీస్కవోయిండు. బొమ్మల ఈపులు లోపలికి తొలిచి ఉన్నయ్, కట్టె పగలకుండ. ఎవలూ సూడని కాడ గూడ ఎంత సక్కగ నడిపిండురా ఉలి! పేరన్న రాసుకోలే ఆ వడ్లోడు. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్, ఎందుకో ఏమో.

మేనేజర్‌కు సారీ చెప్తే మళ్ళ తీసుకుంటడని మీ మామ అంటడు. చెప్ప. గా సైటుల ఇంకో పదేండ్లు మేకులు కొడ్త గని, చెప్ప.

నీ చేతుల పనున్నది బిడ్డా. నూరేండ్లు నడువనీ ఆ చెయ్యి. తలకాయ మాత్రం ఎవల ముందట వంచ... ఆఁ, బువ్వ సల్లవడ్తున్నది, తిను, తిను. పెరుగేస్కో.