ఎద్దును ఎత్తిన మచ్చ

ప్రోస్టేటు క్యాన్సరు ఎముకలకు పాకిందేమో చూడడానికి కర్నూలులో ముసలాయనకు సూదిమందు ఎక్కించి, చేతులు పట్టీలతో బిగించి, స్కానింగు బల్లమీద పడుకోబెట్టారు. ముక్కుకు జానెడు ఎత్తులో యంత్రం. పక్కన డాక్టరమ్మ.

“కదలొద్దు తాతా. ఒంటేలు పోసొచ్చినావు గదా?”

“మూడుసార్లు పోస్తి తల్లీ. పత్తికొండ టమాటా తోటలన్నిటికీ పారింటాది.”

“అయినా తొడ ఎముక కాడ మచ్చ మెరుస్తాండాది. గజ్జల్లో బుడ్డ, అదే హెర్నియా, ఏమన్నా దిగిందా?”

“నాకా? బాయిలో పడిన ఎద్దును ఒక్కణ్ణే ఎత్తినోణ్ణి!”

“బుడ్డ లేకుంటే, క్యాన్సరు ఎముకకు పాకిందేమోనని రాయాల్సొస్తాది.”

“కట్లు విప్పు తల్లీ. ఈ పెట్టె మీదికొస్తాండాది, ఊపిరాడల్యా.”

“నిజం చెప్పు, విప్పుతా.”

“బయట మా బావమర్ది ఉండాడు. పన్నెండేండ్లుగా నా ఎద్దు కథ నమ్మనోడు వాడొక్కడే. ఎత్తినప్పుడు ఒంట్లో ఒక్క నరం కదల్లేదని వాని ముందర ఒట్టేసినా.”

“ఆయనకు చెప్పన్లే.”

“ఆ పొద్దే దిగింది. లంగోటా బిగించి దాచుకుంటి.”

“మూత్రసంచి అందులోకి జారిందేమో. సూదిమందు ఒంటేలుతో చేరి మెరిసేది ఆడనే. లోపలికి నెడతా, ఓర్చుకో. మళ్ళీ ఫోటో తీస్తాండా.”

“ఏమాయె తల్లీ?”

“మచ్చ మూత్రసంచిదే తాతా, పైకి పోయింది. ఎముక బాగుండాది. ఇంతకీ ఎత్తింది ఎద్దునేనా?”

“దూడనమ్మా. కట్లు విప్పినాక మళ్ళీ ఎద్దయితాది.”