యెర్నెయ్ జేబులోని చెయ్యి

ఈ నా రిటైర్మెంట్ సభను నడిపిస్తున్న మేయరమ్మ బ్రెడా గారికి, ముందు వరుసలో కూర్చున్న కంపెనీ పెద్దలకు, వెనకాల సారా బుడ్ల దగ్గర నుంచి కదలని నా స్నేహితులకు ఈ సిల్వో నమస్కారాలు. (నవ్వులు)

దుంగను నమిలి పారేసే యంత్రం ఎవడైనా చేస్తాడు. ముక్కలన్నీ ఒకే తీరుగా, పొట్టు రాలకుండా, పొడుగు పుల్లలు లేకుండా, బాయిలర్లో హాయిగా మండేలా కొట్టే యంత్రం మాత్రం ఈ పోహోర్యే కొండల్లో మా షెడ్డులోనే తయారవుతుందని, గొప్పలనుకున్నా సరే, గట్టిగా చెబుతాను.

అందులో సగం గొప్ప అదిగో, తలుపు దగ్గర జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డ యెర్నెయ్‌ది. ఈ హాలు కిందుండి ఊరిళ్ళన్నిటికీ వేడినిచ్చే బాయిలర్ చూసేది వాడే. ముక్కల్లో ఒక్క పుల్ల కలిసి, లోపలికి తోసే స్క్రూ బిగుసుకుపోయిందంటే ఊరంతా చలికి వణకాల్సిందే. వాడు ఆ పుల్ల పట్టుకుని తిన్నగా మా షెడ్డుకొచ్చి, తలుపుకి మేకు కొట్టి వేలాడదీసి, "ఒరేయ్ సిల్వో, ఇది ముక్కా, మీ తాత చేతికర్రా?" అని వీధంతా వినబడేలా అరిచేవాడు. ఒళ్ళు మండిపోయేది. అయినా కత్తులు మళ్ళీ నూరేవాళ్ళం, జల్లెడ మార్చేవాళ్ళం. ఒక్కసారైనా "బాగుందిరా" అన్న పాపాన పోలేదు మహానుభావుడు. అడిగితే, "వెచ్చగా ఉంటే నీతో నాకేం పని?" అంటాడు. (నవ్వులు)

సరే, అసలు సంగతికొస్తాను. నా దగ్గర పని నేర్చిన తింకారకు షెడ్డు అప్పగించమన్నాను. పెద్దలు ఒప్పుకోలేదు, నేను వెళ్ళాక మూసేద్దామన్నారు. బతిమాలితే చివరికి ఒక పందెం పెట్టారు. ఆ పిల్ల నా చెయ్యి పడకుండా ఒక యంత్రం చెయ్యాలి, దాని ముక్కలతోనే ఇవాళ ఈ హాలు వెచ్చబడాలి, పుల్ల అడ్డం పడి స్క్రూ ఆగిందా, షెడ్డుకి తాళమే. మీరంతా కోట్లు విప్పి కూర్చున్నది ఆ ముక్కల వేడిలోనే. తింకారా, తలెత్తుకో అమ్మా. యెర్నెయ్ ఇందాకే కిందనుంచి వచ్చాడు, అందులో పుల్ల ఉందేమోనని నేను వాడి జేబు చూస్తూనే ఇదంతా మాట్లాడుతున్నాను.

చాల్లేరా, ఇక చెయ్యి బయటికి తియ్యి.

(యెర్నెయ్ చెయ్యి బయటికి తీసి చూపిస్తాడు)

ఖాళీ! చూశారా అయ్యా, ఖాళీ చెయ్యి! (చప్పట్లు)

ఏంటీ? గట్టిగా చెప్పరా, ముందు వరుసకి వినబడలేదు. "బాగుంది పిల్లా" అన్నాడు! ఇన్నేళ్ళూ నేను ఎదురుచూసిన మాట నన్ను దాటిపోయి దానికి దక్కింది. కుళ్ళుగా ఉంది, అంతకు పదింతలు గర్వంగా ఉంది.

తింకారా, షెడ్డు నీది. తలుపుకున్న మేకులు మాత్రం పీకకు. ఓపిగ్గా విన్న మీ అందరికీ, తిట్టిన వాడికీ కృతజ్ఞతలు. సెలవు.