ఆఖరి కుట్టు

పక్షవాతంతో కుడిచెయ్యి చచ్చుబడ్డాక, బస్సు నడిపి రిటైరైన మామగారికి కోడలే క్రోషే అల్లిక నేర్పుతోంది. ఎడంచేత్తో సూది పట్టుకుని, కుడిచేతిని బరువులా అల్లికమీద పెట్టి, ఆయన రోజుకో వరస చొప్పున మసిగుడ్డ అల్లుతున్నాడు.

"మామయ్యా, ఇరవై కుట్లతో మొదలుపెట్టారు. ఇప్పుడు పదమూడే ఉన్నాయి."

"మిగతావి నేనేమైనా మింగేశానా?"

"వరస చివరి కుట్టు అంచులో దాక్కుంటుంది. ప్రతిసారీ దాన్ని వదిలేసి వెనక్కి తిరిగిపోతున్నారు."

"అంటే ఆఖరి స్టాపు దాకా పోకుండానే బండి తిప్పేస్తున్నానన్నమాట."

"పర్లేదు లెండి. దీంతోనే గిన్నెలు దించుకుంటాను."

"వద్దమ్మా. ముప్ఫై ఏళ్ల సర్వీసులో బస్సులో ఒక్కడే ఉన్నా చివరిదాకా తీసుకెళ్లి దించాను. ఇప్పుడు ఏడుగుర్ని దారిలో వదిలేస్తానా?"

"మీ పంతానికి దండం పెట్టాలి మామయ్యా."

ఆయన సూది ఊడదీసి, ఉక్రోషంగా దారం పట్టుకుని సర్రున లాగాడు. వారం రోజుల పని ఒళ్లో కుప్పపడింది. కోడలి ప్రాణం ఉసూరుమంది. అంతలోనే ఆమె చూపు ఆయన ఎడంచేతిమీద పడింది. సూది అందులోనే ఉంది.

"మామయ్యా... దారం ఏ చేత్తో లాగారు?"

ఆయన కుడిచేతికేసి చూసుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారం ఇంకా బిగిసే ఉంది.

"దీని దుంపతెగ! ఆర్నెల్లు సెలవుపెట్టి, చెప్పాపెట్టకుండా డ్యూటీ ఎక్కేసిందే!"

కోడలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఏడుస్తావేంటమ్మా? ఇరవై లెక్కపెట్టు. బండి తీస్తున్నా."