మతాన్సాస్ దారిలో నీలిపొగ

హవానాలో, ఆ లుయానో వీధిలో డొమినో బల్ల బయటికొచ్చిందంటే ఎవేలియో కోతలకి నోరు తెరిచాడన్నమాటే. ఆ మధ్యాహ్నం ఇంకాస్త పెద్దగా తెరిచాడు. తెరవక ఏం చేస్తాడు? తాతల నాటి అమెరికా కారు, ఇంజను మొత్తం విప్పి, సిలిండర్లకి బోరు కొట్టించి, మళ్లీ బిగించినా, ఇంటి ముందు నీలంగా దగ్గుతూనే ఉంది. "ముందు ఆ బండిని బాగుచేసుకుని రా, తర్వాత చూద్దాం" అనేసి పెళ్లాం మిరెయా మతాన్సాస్‌లో పుట్టింటికి వెళ్లిపోయిన సంగతి వీధి మొత్తానికీ తెలుసు. ఎప్పుడెళ్తావని ఎవరో ఒకరు అడగకముందే మాటల్లోనే వెళ్లొచ్చేస్తే పోలా అనుకున్నాడు.

"మొన్న ఆదివారం వెళ్లొచ్చాను" అన్నాడు బిళ్ల వేస్తూ. "నల్లపొగైతే పెట్రోలెక్కువ, తెల్లపొగైతే నీళ్లు దిగినట్టు, నీలమైతే ఆయిలు కాలుతున్నట్టు. ఇది పసిపిల్లలకీ తెలుసు. నేనైతే వాసన చూసి ఏ సిలిండరో చెప్పేస్తాను. మూడోది."

"మూడోదేనా, మరోటా?" కిటికీలోంచి కాఫీ అందిస్తూ అడిగింది పక్కింటి ఒనెలియా.

"మూడోదే అక్కా. మనకి పిస్టన్ రింగులెక్కడ దొరుకుతాయి, చక్కెర మిల్లు పైపు కోసి, అరగదీసి నేనే చేశాను. బయల్దేరాను. పొగ తగ్గలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనకొచ్చే బస్సులు పట్టపగలు లైట్లేసుకున్నాయి. దారిపక్క కోళ్లు పొద్దుగూకిందనుకుని గూళ్లెక్కేశాయి. దోమలకి పొగబెట్టే సర్కారు మనుషులు కొంతదూరం నా వెనకే నడిచి, ఇక ఈ జిల్లాకి మా అవసరం లేదని ఇళ్లకి పోయారు."

"దోమల మాట నిజమే" అన్నాడు ఎదుటి ఆటగాడు, పాత లారీ డ్రైవరు లిబోరియో. "రోజూ సాయంత్రం మా ఇంట్లో చస్తున్నాయి."

"విను మామా. పెద్ద వంతెన మీదికొచ్చేసరికి పైన తిరిగే రాబందులకి దగ్గొచ్చింది. అప్పుడు బండి ఆపి చెవిలో చెప్పాను, ఈ అవతారంతో ఆమె గుమ్మం ముందు నిలబడితే నా పరువేం కానూ అని. దానికి సిగ్గేసింది. హవానా నుంచి వదిలిన పొగంతా గొట్టంలోకి వెనక్కి పీల్చుకుంది. చివర్లో ఓ కోడి కూడా రాబోతే అదిలించాను."

"కోడిని వదిలేశావా?" ఒనెలియాకి నిజంగానే కోపమొచ్చింది. "ఈ రోజుల్లో కోడిని ఎవరైనా వదులుకుంటారా?"

"నా ధ్యాస కోడిమీద లేదక్కా. ఇక మతాన్సాస్‌లో నా బండి గాలికి ఆడవాళ్లు తెల్లదుప్పట్లు ఆరేసుకున్నారు. మిరెయా తలుపు తీసింది. చేతులు తడిగా ఉన్నాయి, గౌనుకి తుడుచుకుంది. ఒక కనుబొమ్మ మాత్రం పైకెత్తుతుందే, అలా ఎత్తి, నన్ను చూసి ఏమందో తెలుసా?"

ఎవరికీ తెలీదు. ఎవేలియోకీ తెలీదు. రాబందులకి దగ్గు తెప్పించినవాడికి ఆమె నోట్లో ఒక్క మాట పెట్టడం చేతకాలేదు. తిట్టు పెడదామన్నా తిట్టేలా లేదు, నవ్వు పెడదామన్నా భయమేసింది.

లిబోరియో తన బిళ్లలు బల్ల మీద బోర్లించాడు.

"ఎవేలియో, నీ రింగులు బాగానే ఉన్నాయిరా. రోజూ చొక్కా ఇస్త్రీ చేసుకుని, సీట్లో కూర్చుని, ఇంజను కాసేపు ఉత్తినే తిప్పి, దిగిపోతున్నావు. కొత్త రింగులు ఇంటి ముందు కుదురుకోవు. ఎత్తులెక్కాలి, బరువు లాగాలి, సిలిండరు గోడలకి ఒరుసుకోవాలి. నీ బండికి జబ్బేం లేదు. అది ఎక్కడికీ వెళ్లలేదు, అంతే."

వీధిలో ఎవరూ నవ్వలేదు. నవ్వితే బావుండుననిపించింది ఎవేలియోకి.

"వెళ్లాక పొమ్మంటే?" అన్నాడు, చాలా చిన్నగా.

"అంటే అంటుంది. తిరిగొచ్చేటప్పుడు పొగైతే ఉండదుగా."

ఎవేలియో జేబులో తాళాలు తడుముకున్నాడు. "బరువంటే ఎంత కావాలి మామా?"

లిబోరియో ఆట సగంలో వదిలేసి లేచాడు. ఒనెలియా పొయ్యి ఆపి, చెప్పులు వెతుక్కుంటూ బయటికొచ్చింది. ఇద్దరూ వెనక సీట్లో ఇరుక్కున్నారు. వీధి చివరి ఎత్తు ఎక్కుతూ బండి గట్టిగా మూలిగింది, నీలంగా ఒక పెద్ద మబ్బు వదిలింది.

"ఏదైనా చెప్పరా, దారి గడవాలిగా" అంది ఒనెలియా.

ఎవేలియో గేరు మార్చి, మతాన్సాస్ దారి పట్టాడు.