బ్రేకు బెల్టుకు పూసిన నూనె

నా పేరు చెరుకుపల్లి వెంకటరమణమ్మ. వయస్సు నలభై నాలుగు. గృహిణిని. భర్త సోమయాజులు గారు యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. కాపురం తార్నాక. 1968 అక్టోబరు 10, గురువారం ఉదయం పది గంటలకు ఎస్సై వెంకటస్వామి గారి ఎదుట ఈ మాటలు చెబుతున్నాను. నన్నెవరూ పిలిపించలేదు. నిన్న కూడా వచ్చాను. నిన్న రాసుకోలేదు.

మా అమ్మాయి కాత్యాయని పదకొండో తరగతి, ఇంజనీరింగు గ్రూపు. ఆ గ్రూపులో ఆడపిల్ల తనొక్కతే. ఈ ఏడు లక్ష్మీనర్సయ్య మాస్టారు పిల్లలతో పుస్తకాలు మూయించి, కళ్ళతో చూసిన ఒక కష్టానికి పనిముట్టు తయారు చేయమన్నారు. యూనివర్సిటీ ఆవరణలో కొత్త పంపు గది కడుతున్నారు. అక్కడ ఆడకూలీలు ఇటుకల తట్టలు నెత్తిన పెట్టుకుని పలకల మీదుగా పైకెక్కడం మా అమ్మాయి రోజూ బడికి పోతూ చూసేది. అందుకని బరువులు ఎత్తే చేతి యంత్రం గీసింది. ఒక కర్ర దిమ్మె, దాని చుట్టూ తాడు, తిప్పడానికి పిడి. ఆపడానికి ఒక బ్రేకు. బ్రేకు అంటే దిమ్మె చుట్టూ వేసిన తోలు బెల్టు. మీట లాగితే బెల్టు బిగిసి దిమ్మెను పట్టుకుంటుంది. ఆ బెల్టు మా వారి పాత బెల్టు. యంత్రం అంతా గ్రూపు పిల్లలు కలిసి చేశారు. బ్రేకు మాత్రం మా అమ్మాయిది.

బడి షెడ్డు కురుస్తున్నదని సెప్టెంబరు 7న అటెండరు పోచయ్య బండి మీద యంత్రాన్ని మా ఇంటికి చేర్చాడు. 8 నుంచి 22 వరకు పిల్లలు మా డాబా మీది నుంచి ఇరవై కిలోల ఇసుక సంచిని పెరట్లోకి దించుతూ, మధ్యలో ఆపుతూ పరీక్షించారు. ప్రతిసారీ తేదీ, టైము, ఫలితం నేను రాశాను. మా అమ్మాయి నోటుబుక్కులోనే, వెనక పేజీల నుంచి. నలభై ఒక్క పరీక్షలు. నలభై ఒక్క చోట్లా 'జారలేదు' అని రాశాను.

సెప్టెంబరు 30, సోమవారం, మహర్నవమి. మా అమ్మాయి గోల్నాకలో మా ఆడపడుచు గారింటికి పేరంటానికి వెళ్ళింది. ఉదయం తొమ్మిదిన్నరకు పోచయ్య యంత్రాన్ని చూసి పోదామని వచ్చాడు. నేను కత్తిపీట, కుట్టు మిషను తుడిచి బొట్లు పెడుతున్నాను.

"అమ్మా, దీనికి గూడ బొట్టు వెట్టుండ్రి. లేకుంటె అలుగుతది," అన్నాడు.

"అలిగితే నువ్వే బతిమాలుకో," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

అతను వెళ్ళాక యంత్రాన్ని తడిగుడ్డతో తుడిచాను. తోలు ఎండిపోయినట్టు కనిపించింది. బీటలు వారుతుందనుకున్నాను. నువ్వుల నూనె తెచ్చి బెల్టుకు లోపలా బయటా పట్టించాను. దిమ్మెకు కూడా పూశాను. నిగనిగలాడింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, దుప్పటి కప్పాను.

ఇక్కడ ఎస్సై గారు, "అమ్మా, పూజ ముచ్చట వద్దు. యంత్రం ముచ్చట చెప్పుండ్రి," అన్నారు. ఇదే యంత్రం ముచ్చట. నిన్న కూడా ఇక్కడి దాకా చెప్పగానే ఆపేశారు.

అక్టోబరు 7న దుప్పటితో సహా యంత్రం బడికి పోయింది. 8, మంగళవారం ఉదయం పదకొండుకు పంపు గది దగ్గర ప్రదర్శన. నేనూ వెళ్ళాను. మాస్టారు, "సెలవుల తర్వాత ముట్టలే గద, ముందు ఇసుక సంచితోని ఒకసారి చూద్దాం," అన్నారు. నేను నోటుబుక్కు తెరిచి చూపించాను. "నలభై ఒక్కసార్లు నిలిచింది మాస్టారూ, ఇంకా సందేహమా?" అన్నాను. ఆయన ఆగిపోయారు. ఆయన నిర్లక్ష్యం చేశారని కేసు పెట్టారు. ఆయన చూద్దామన్నారు. వద్దన్నది నేను.

పదకొండూ ఇరవైకి ఏడు ఇటుకల తట్ట పైకి లేచింది. పిడి తిప్పుతున్నది వెంకటేశం అనే విద్యార్థి. మీట దగ్గర మా అమ్మాయి. మాస్టారు "ఆపు" అన్నారు. మా అమ్మాయి మీట లాగింది. బ్రేకు పట్టుకుంటుంది గనుక వెంకటేశం పిడి వదిలాడు. అలా వదలడమే పద్ధతి. బెల్టు బిగిసింది, కానీ దిమ్మె తిరుగుతూనే ఉంది. కింద పడిన ఇటుకను తీయబోయిన పోచయ్య ఎడమ పాదం మీద తట్ట పడింది. ఎముక విరిగింది.

ఆ సాయంత్రం మా అమ్మాయి లెక్క కాగితాలన్నీ పరిచి, "నా లెక్కే తప్పమ్మా," అంది. అన్నం తినలేదు. నేను నోటుబుక్కు ముందు పేజీలు అప్పుడు చదివాను. మూడో పేజీలో తన చేతిరాత: 'బెల్టుకు నూనె, తడి తగలరాదు.' పదిహేను రోజులు ఆ పుస్తకంలోనే రాశాను. వెనక నుంచి రాశాను.

9న హెడ్మాస్టరు అచ్యుతరామయ్య గారికి చెప్పాను. "ఆడపిల్ల గీసిన బ్రేకు అలాగే ఏడుస్తుందండీ. పూజ చేస్తే యంత్రం చెడిందని రాస్తే లోకం నవ్వుతుంది," అన్నారు. మా అమ్మాయిని ఆ గ్రూపు నుంచి తీసేస్తారట. మా వారు, "పిల్ల పేరు పోయింది చాలదా, నీ పేరు కూడానా?" అన్నారు. ఆసుపత్రిలో పోచయ్యకు చెప్పి క్షమించమన్నాను. అతను, "నువ్వు వెట్టిన బొట్టే కాపాడిందమ్మా, లేకుంటె తల మీద పడేది," అని నాకే దండం పెట్టాడు. ఎవరికి చెప్పినా ఇంతే. పూజను నేను తప్పు పట్టడం లేదు. బొట్టు వల్ల ఏమీ కాలేదు. నూనె వల్ల అయింది.

యంత్రం ఇప్పుడు ఈ స్టేషను వరండాలోనే ఉంది. ఎస్సై గారిని బెల్టు లోపలి వైపు వేలితో రాసి చూడమన్నాను. వద్దన్నారు. మళ్ళీ అడిగాను. లేచి వెళ్ళి రాశారు. వేలు చూసుకున్నారు, వాసన చూశారు, రుమాలుతో తుడుచుకున్నారు. తిరిగి వచ్చి కూర్చుని రైటరుతో, "అమ్మ చెప్పినట్లె రాయి," అన్నారు.

నోటుబుక్కు దాఖలు చేస్తున్నాను. వెనక పేజీలలో చివరి పద్దు నేను నిన్న రాత్రి రాసింది: '42. అక్టోబరు 8, ఉదయం 11.20. ఏడు ఇటుకలు. జారింది. కారణం నేను పూసిన నూనె. బ్రేకు సరైనదే.'

మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు. ఇక్కడ రాయించాక చెబుదామని వచ్చాను. ఇప్పుడు ఇంటికి వెళ్ళి చెబుతాను.

రైటరు ఇదంతా చదివి వినిపించారు. 'బ్రేకు సరైనదే' అన్న మాట రెండోసారి చదివించుకున్నాను. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, అంతా నిజం. ఎవరి ఒత్తిడీ లేదు.

(సంతకం) చె. వెంకటరమణమ్మ