కాసిమీరో ఊరెళ్ళిపోతున్నాడన్నారు

కాసిమీరోనా? ఆ పేరు నీకెవరు చెప్పారు? మీ నానమ్మే అయ్యుంటుంది, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. కూర్చో నయేలీ. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతోంది, ఇటు రా. ఆసుపత్రివాళ్ళు నిన్ను ఇంటింటికీ పంపుతున్నారటగా, ఒంటరిగా ఉన్న ముసలాళ్ళని పలకరించి రమ్మని? మంచిదేలే. మా రోజుల్లో పలకరింపులకి మనిషిని పెట్టక్కర్లేదనుకునేవాళ్ళం. ఒకే షెడ్డులో పద్నాలుగు మందిమి, కాళ్ళు జాపితే పక్కోడి తల తగిలేది. అంత దగ్గరగా ఉంటే ఒకడి సంగతి ఇంకొకడికి తెలియకుండా ఉంటుందా అని మా ధీమా.

వాడిదీ మాదీ ఒకటే జిల్లా, సరిహద్దుకి అవతల మిచోవకాన్‌లో. ఇక్కడ, ఈ యాకిమా తోటలన్నిట్లో యాపిల్ కొయ్యడంలో వాణ్ణి మించినోడు లేడు. నిచ్చెనెక్కితే దిగేవాడు కాదు. ‘దిగరా కోతీ, అన్నం తిందువుగాని’ అంటే, ‘కింద మీరున్నారుగా, పైనే గాలి బాగుంది’ అనేవాడు. చదువు మాత్రం సున్నా. నేను ఐదు దాకా చదివా కదా, షెడ్డులో అందరి ఉత్తరాలూ నేనే చదివి పెట్టేవాణ్ణి, అందుకే నన్ను ‘పంతులూ’ అనేవాళ్ళు. వాడి పెళ్ళాం హసింతా, ఊళ్ళో ఫాదర్ చేత రాయించేది. ఫాదర్ పొడిపొడిగా రాసేవాడు, వర్షాలు పడ్డాయి, ఆవు ఈనింది అని. నేను మధ్యలో సొంతంగా కలిపేవాణ్ణి, ‘నువ్వు లేక ముద్ద దిగట్లేదు మావా’ అని. వీడు చెవులదాకా ఎర్రబడిపోయేవాడు. నేను కలిపానని తెలుసు వాడికి. అయినా ‘ఆ ముక్క మళ్ళీ చదువు పంతులూ’ అనేవాడు.

ఆ ఏడు చెర్రీ కోతలప్పుడు ఒక ఉత్తరం వచ్చింది. హసింతా జ్వరమొచ్చి పోయింది, పూడ్చిపెట్టి కూడా మూడు వారాలైంది, ఇల్లు వాడి తమ్ముడు అమ్ముకుని ఎటో పోయాడు. అంతే ఉత్తరం. దాంట్లో కలపడానికేముంది? మూడుసార్లు చదివించుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకుని, ‘ఎవరికీ చెప్పకు’ అన్నాడు. చెప్పలేదు. మాట నిలబెట్టుకున్న మొనగాణ్ణి. కానీ వాణ్ణి అడగొద్దని వాడన్లేదుగా? మర్నాడు పొద్దున ‘ఎలా ఉన్నావురా’ అన్నా. ‘లాగిస్తున్నా’ అన్నాడు. మనాళ్ళలో దానికి అదే జవాబు, కాలు విరిగినా అదే. ‘ధైర్యంగా ఉండు’ అని భుజం మీద చరిచి, సంచీ తగిలించుకుని నా చెట్టు దగ్గరికి నేను పోయా.

యాపిల్ కోతలు అయిపోయే వారం, ఆదివారం మధ్యాహ్నం, వాడు సామాన్లు పంచడం మొదలెట్టాడు. అప్పట్లో పద్ధతి అది, ఇప్పుడెక్కడుందిలే. ఇక తిరిగి రాకుండా ఊరెళ్ళిపోయేవాడు ఉన్నదంతా తోటివాళ్ళకి పంచేసి, ఉత్త చేతుల్తో బస్సెక్కుతాడు. అందుకని ఎవడూ ఏమీ అడగలేదు. ‘కాసిమీరో ఊరెళ్ళిపోతున్నాడహో’ అని ఒకడు కేకేశాడు, ఇక పండగే. మేకని కోశాం. రొట్టెలు కాల్చాం. ‘పెట్టి పుట్టావురా, మేమింకా ఈ చలిలో చావాలి’ అని ఒకడు, ‘హసింతాని మంచం దిగనివ్వవు ఇక’ అని ఇంకొకడు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. నేనూ నవ్వానమ్మా. హసింతా లేదని తెలిసి నవ్వా. వాడి బూట్ల కోసం ఇద్దరు కొట్టుకున్నారు, దుప్పటి ఒకడు లాక్కున్నాడు. నా దగ్గరికి రేడియో తెచ్చి ఒళ్ళో పెట్టాడు. పెట్టి, నిలబడ్డాడు. వెళ్ళడే. నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఊళ్ళో వాడికెవరూ లేరని ఆ షెడ్డులో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, ఆ సంగతి వాడికీ తెలుసు. ‘ఎక్కడికిరా వెళ్తున్నావ్?’ అంటే చాలు, రెండే ముక్కలు. నేనేమడిగానో తెలుసా? ‘దీనికి బ్యాటరీలు రెండా, నాలుగా?’ అన్నాను.

‘నాలుగు’ అన్నాడు.

సోమవారం బస్సు వెళ్ళింది, వాడెక్కలేదు. మంగళవారం కనిపించాడు... ప్రాణం లేదులే. ఎలాగ, ఎక్కడ అని అడక్కు. పోలీసులు వచ్చారు, ఇక్కడి చర్చి ఫాదర్ వచ్చాడు. అందరం ఒకటే మాట, ‘మాకేం తెలుసు, సంతోషంగానే ఉన్నాడు’ అని. నా పక్కనున్న పన్నెండు మందీ నిజమే చెప్పారు. నేనూ అదే చెప్పా. నా పెళ్ళానికీ అదే చెప్పా, పోయేదాకా ఆవిడకి ఉత్తరం సంగతి తెలీదు. నలభయ్యొక్క ఏళ్ళు. సిగ్గు ముసలిదవదమ్మా, మనమే అవుతాం. అడిగితే లేనిపోని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందేమోనని భయపడ్డా, అది కూడా ఉందిలే. ఏంటీ? అడిగితే పుట్టదా? మీకు ట్రైనింగులో చెప్పారా? అడిగితే బరువు దిగుతుందా... ఆహా. మరి ఆ రోజు నాకెవడు చెప్పాడు?

ఊఁ? పాత సంగతంటావా, వదిలెయ్యమంటావా? పాతదెలా అవుతుందే? నిన్న సాయంత్రం పక్క వీధి ఫిదెన్సియో వచ్చాడు. వాడి పిట్టలు, పంజరంతో సహా నా చేతిలో పెట్టాడు. కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నా అన్నాడు. ఆ కూతురు వాడితో మాట్లాడి ఆరేళ్ళయింది, ఆ సంగతి నాకు తెలుసు. పంజరం తీసుకున్నా. గింజలెప్పుడు వెయ్యాలి అని అడిగా. మళ్ళీ అదే, చూశావా? రాత్రంతా ఆ పిట్టల్ని చూస్తూ కూర్చున్నా గానీ... కాఫీ వద్దు. లే. నీ కారు బయటే ఉందిగా? లేవమ్మా, తొందరగా.