కొట్లో ఉన్న ఒక్క కుర్చీ

విజయనగరంలోని ఆ చీరల కొట్టుకి ఇంకా బేరాలేవీ రాలేదు. ఈశ్వరి చీరలు మడతపెడుతుంటే, షావుకారు గల్లాపెట్టె దగ్గర తన కుర్చీలోంచే అడిగాడు.

"నిన్న శ్రీకూర్మం ఎల్తానని సెలవెట్టేవు కదే. పెసాదమేదీ?"

"మర్సిపోనానండి."

"దేవుడి పెసాదం మర్సిపోయిన మనిషిని నిన్నే సూస్తన్నాను. భోగాపురం బస్సెక్కేవంట. మా బామ్మర్ది సూసేడు."

ఇక దాచి లాభం లేదనుకుంది ఈశ్వరి.

"ఎక్కేనండి. ఇంకో పని కోసం ఇంటర్వ్యూకి ఎల్లేను."

"నా కొట్లో ఉంటూ ఇంకో పని ఎతుక్కుంటావా? ఆరేళ్లు మా ఇంటి ఆడపిల్లలా సూసేనే నిన్ను."

"మీ ఇంటి ఆడపిల్లని పొద్దున్నుంచి దీపాలెట్టేదాకా నిలబెడతారేటండి? కాళ్లు సూడండి, ఎలా వాసిపోనాయో. గోడకి ఆనుకున్నా కసురుతారు."

"ఆళ్లేటి, సింహాసనం ఏస్తారా?"

"కుర్చీ ఏస్తారు. కూకుని బిల్లులు కొట్టే పని."

"రమ్మన్నారా?"

"వారంలో సెప్తామన్నారు."

"రావద్దంటే? ఈలోగా నేనూ పొమ్మంటే?"

ఈశ్వరి చూపు దించలేదు. షావుకారు విసురుగా లేచి, తన కుర్చీని ఆమె ముందుకి నెట్టాడు.

"ఇదిగో, కూకో. తీరిందా నీ ముచ్చట?"

ఆమె నిజంగానే కూర్చుంది. ఆ కొట్లో కూర్చోవడం అదే మొదలు. అంతలో ఇద్దరు ఆడవాళ్లు గుమ్మంలోకి వచ్చారు.

"లెగు, లెగు. బేరం వచ్చింది," అన్నాడు షావుకారు, పళ్ల బిగువున.

ఈశ్వరి లేవలేదు.

"రండమ్మా," అంది కుర్చీలోంచే. "ఏ సీర కావాలో సెప్పండి. షావుకారు గారు తీసి సూపిస్తారు."